గాజులు అమ్మకండి, ముందు దరఖాస్తు పెట్టండి

(ఈ ఉత్తరం, జవాబు 2021 సెప్టెంబరు నాటివి. ఇందులోని అంకెలు, గడువులు, నిబంధనలు అప్పటివి. ఇందులో చెప్పిన అద్దె సాయం పథకం తర్వాత ముగిసింది.)

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది గుంటూరు దగ్గర ఒక పల్లె. మా ఆడపడుచు స్పాన్సర్ చేస్తే పదమూడేళ్ళు ఎదురుచూసి 2017లో గ్రీన్‌కార్డు మీద డాలస్ పక్కన ఇర్వింగ్‌కి వచ్చాం. ఇద్దరు పిల్లలు. మావారు ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్లో ఫ్రంట్ డెస్క్‌లో చేస్తారు. కరోనా మొదలయ్యాక షిఫ్టులు సగానికి పడిపోయాయి. ఈ ఏడాది ఫిబ్రవరి చివర్లో ఆయనకే కోవిడ్ వచ్చి ఆరు వారాలు మంచం మీద ఉన్నారు. నేను ఇంట్లో టిఫిన్లు చేసి అమ్ముతాను, అది పాలకీ కూరలకీ సరిపోతుంది. నెలకు 1,750 డాలర్ల అద్దె ఏప్రిల్ నుంచి సరిగ్గా కట్టలేకపోతున్నాం. మధ్యలో కట్టిన 1,500 తీసేస్తే, ఈ సెప్టెంబరుతో కలిపి 9,000 బాకీ. ఇంటి ఓనరు కూడా తెలుగాయనే, మావారిని అన్నయ్యా అని పిలిచేవాడు. పోయినవారం వచ్చి మూడు రోజుల్లో ఖాళీ చేయమని కాగితం చేతికిచ్చి, మొహం కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తడానికి మావారికి మొహం చెల్లడం లేదు. గవర్నమెంటు అద్దె కడుతుందని గుళ్ళో ఎవరో చెప్పారు. మావారితో అంటే, "అడుక్కోవడానికి వచ్చామా ఇక్కడికి? వచ్చే ఏడాది సిటిజన్‌షిప్‌కి పెట్టుకోవాలి, అది కూడా పోగొట్టుకుందామా?" అని కేకలేశారు. నా దగ్గర పుట్టింటివాళ్ళు పెట్టిన గాజులు ఎనిమిది సవర్లున్నాయి. అమ్మి కట్టేయనా? లేకపోతే రాత్రికి రాత్రి సామాను సర్దుకుని ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోదామా? నిద్ర పట్టడం లేదక్కా.

పేరు రాయవద్దన్న ఒక చెల్లెలు, ఇర్వింగ్, టెక్సాస్

సమాధానం:

చెల్లెమ్మా, మీరు చివర అడిగినదానికి ముందు జవాబు చెప్తాను, అది ఆగే విషయం కాదు కాబట్టి. ఈ రాత్రి సామాను సర్దకండి. గాజులు చేతికే ఉంచుకోండి.

ఎనిమిది సవర్లు పట్టుకుని ఇక్కడి తాకట్టు షాపుకి వెళ్తే మన ఊళ్ళో సేటు చూసినట్టు పనితనం చూడరు, తూకం వేసి కరిగించే ధర కడతారు. మీ బాకీలో సగం కూడా తీరదు. ఆ సగం కట్టాక కూడా ఆయన కేసు వేసుకోవచ్చు. గాజులూ పోతాయి, ఇల్లూ పోతుంది. ఇక ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోవడమంటారా, లీజు మీద మీ ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. మీరు వెళ్ళినా బాకీ మీ వెనకే వస్తుంది, కొన్నాళ్ళకు వసూలు కంపెనీ చేతికి చేరుతుంది, క్రెడిట్ మీద పడుతుంది. పైగా ఈ సాయం మనిషిని ఉన్న ఇంట్లో ఉంచడానికి పెట్టింది. ఇల్లు వదిలేశాక పాత బాకీ కట్టమని అడగడం చాలా కష్టం.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. దాన్ని ఇక్కడ నోటీస్ టు వెకేట్ అంటారు. లీజులో వేరే గడువు రాసి లేకపోతే టెక్సాస్‌లో మూడు రోజులిస్తే చాలు. నాలుగో రోజు పొద్దున మిమ్మల్ని బయటికి పంపే అధికారం మాత్రం దానికి లేదు. గడువు దాటితే ఆయనకు కోర్టుకి వెళ్ళే దారి తెరుచుకుంటుంది, అంతవరకే. కోర్టు ఆర్డరు లేకుండా మీ సామాను వీధిలో పడేయడానికి ఎవరికీ వీల్లేదు. కేసు వేస్తే జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టులో వేస్తారు, జేపీ కోర్టు అంటారు అందరూ. వేసిన రోజు నుంచి 10, 21 రోజుల మధ్యలో విచారణ తేదీ పడుతుంది. తీర్పు మీకు వ్యతిరేకంగా వచ్చినా అప్పీలుకు 5 రోజులుంటాయి. ఆ తర్వాత కూడా కాన్‌స్టేబుల్ వచ్చి తలుపుకి 24 గంటల నోటీసు అంటించాకే లోపలికి అడుగుపెట్టాలి. కాబట్టి మీకు రోజులున్నాయి. అవి బాధపడుతూ కూర్చుంటే చాలవు, పని చేస్తే సరిపోతాయి.

ఇంకో సంగతి, చాలామంది ఓనర్లకే తెలియదు. 2020 మార్చిలో వచ్చిన కేర్స్ చట్టం, ఇంటి లోను వెనక ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్, ఎఫ్‌హెచ్‌ఏ లాంటి కేంద్ర సంస్థ ఉంటే అద్దెకున్నవాళ్ళను ఖాళీ చేయించకూడదని ఆపింది. ఆ నిషేధం 2020 జూలై 24తో ముగిసింది. అలాంటి ఇళ్ళకు అద్దె బాకీ మీద 30 రోజుల నోటీసివ్వాలన్న మాట మాత్రం చట్టంలో మిగిలే ఉంది. పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయాలైతే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ వాళ్ళ సైట్లలో అడ్రసు కొట్టి చూసుకునే వీలుంది. మీరుండే ఇంటి లోను అలాంటిదైతే ఈ మూడు రోజుల కాగితం చెల్లదని జడ్జి ముందు చెప్పవచ్చు. దానివల్ల బాకీ ఒక్క డాలరు కూడా తగ్గదు, ఓ నెల సమయం మాత్రం చేతికొస్తుంది.

నేను కొన్నేళ్ళుగా ఈ జేపీ కోర్టుల్లో మనవాళ్ళకు దుభాషిగా కూర్చుంటున్నాను. ఒక్కో కేసుకి పట్టేది మూడు నాలుగు నిమిషాలు. పేరు పిలుస్తారు, మనిషి లేకపోతే అంతే, ఓనరు అడిగినదానికి తీర్పు ఇచ్చేస్తారు. రానివాళ్ళలో చాలామంది తప్పు చేసినవాళ్ళు కాదు, మీవారిలాంటి వాళ్ళు. నలుగురిలో నిలబడాలంటే సిగ్గు. కేసంటూ పడితే ముందుగా ఏ జవాబూ రాసి దాఖలు చేయనక్కర్లేదు, ఆ రోజు ఆ గంటకు అక్కడుండాలి. కొన్ని కోర్టులు జూమ్‌లో పెడుతున్నాయి, పిలుపు కాగితంలో ఎలా హాజరవాలో ఉంటుంది. ఇంగ్లీషులో తడబడతామనుకుంటే దుభాషి కావాలని కోర్టు ఆఫీసుకి ముందే ఫోన్ చేసి చెప్పండి.

ఇక అసలు విషయానికొస్తే, గుళ్ళో మీరు విన్నది నిజమే. అయితే సగమే విన్నారు.

పోయిన ఏడాది సెప్టెంబరు 4 నుంచి సీడీసీ, అంటే ఇక్కడి అంటువ్యాధుల సంస్థ, అద్దె కట్టలేనివాళ్ళను ఖాళీ చేయించకూడదని దేశమంతటికీ ఒక ఉత్తర్వు ఇచ్చింది. జనం బంధువుల ఇళ్ళల్లోనూ షెల్టర్లలోనూ కిక్కిరిస్తే జబ్బు పెరుగుతుందని కారణం చెప్పింది. గడువు పొడిగిస్తూ ఈ జూలై 31 దాకా లాక్కొచ్చింది. ఆగస్టు 3న వ్యాప్తి ఎక్కువున్న కౌంటీలకని మళ్ళీ కొత్తగా ఇచ్చింది. ఆగస్టు 26న సుప్రీంకోర్టు, ఆ అధికారం సీడీసీకి లేదని కొట్టేసింది. మీ ఓనరుకు ఓపిక ఎందుకు ఇప్పుడే అయిపోయిందో తెలిసిందా? ఆయన కూడా ఆ వార్త చూశాడు.

ఆ ఉత్తర్వు చేసింది ఆపడం వరకే. ఆపిన ఏడాదిలో అద్దె మాఫీ కాలేదు, నెల నెలా పేరుకుంది. చెరువుకి గండి పడకుండా కట్ట పోశారు గానీ నీళ్ళు తగ్గలేదు. ఆ నీళ్ళు తోడడానికి పెట్టిన డబ్బు వేరే ఉంది, సుప్రీంకోర్టు దాని జోలికి వెళ్ళలేదు. 2020 డిసెంబరులో కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, 2,500 కోట్ల డాలర్లు, ఈ మార్చిలో ఇంకో 2,155 కోట్ల డాలర్లు అద్దె సాయానికే కేటాయించింది. జూలై చివరికి దేశం మొత్తం మీద జనానికి చేరింది 510 కోట్లు. ఆ లెక్క చూసిన రోజు నాకు కోపం కూడా రాలేదు, నీరసం వచ్చింది. డబ్బు ఒక చోట, బాకీలున్నవాళ్ళు ఇంకో చోట, మధ్యలో దరఖాస్తు ఫారాలు.

ఇది వాషింగ్టన్ నుంచి సరాసరి మీ ఇంటికి రాదు. కేంద్ర ఖజానా రాష్ట్రాలకూ, రెండు లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాలకూ కౌంటీలకూ పంచింది. వాళ్ళు తలా ఒక పద్ధతి పెట్టుకున్నారు. అందుకే ఫ్రిస్కో లాంటి వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళు చెప్పే ఫారం మీకు పనికిరాకపోవచ్చు. టెక్సాస్ రాష్ట్రం పెట్టినదాని పేరు టెక్సాస్ రెంట్ రిలీఫ్. ఈ ఫిబ్రవరి 15న దరఖాస్తులు మొదలయ్యాయి. తేదీ గుర్తుందా? మంచు తుఫానుకి రాష్ట్రమంతా కరెంటు పోయిన రోజు! మనమంతా దుప్పట్లు కప్పుకుని పొయ్యి వెలుగుతుందా లేదా అని చూస్తున్నాం, వాళ్ళేమో ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టమన్నారు. మొదటి వారాలు కంప్యూటర్ల గోలతో నత్తనడక నడిచింది, తర్వాత పుంజుకుంది. ఇలాంటి సాయాల వివరాలు చెప్పే 211 నంబరుకి ఫోన్ చేసి, మీ జిప్ కోడ్ చెప్పి, మీకు వర్తించేది రాష్ట్రానిదా, కౌంటీదా, నగరానిదా అని అడగండి. ఏదో ఒకచోటే పెట్టండి. ఒకే నెల అద్దెకు రెండు చోట్ల తీసుకోకూడదు.

మీకు వస్తుందా? మీరు ఉత్తరంతో పంపిన చీటీలో మీ ఇద్దరి సంపాదన ఏడాదికి 31,000 డాలర్లన్నారు. ఈ సాయానికి ఆదాయం మీ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటకూడదు. డాలస్ వైపు నలుగురున్న కుటుంబానికి ఈ ఏడాది అది 71,200. అందులో 50 శాతం లోపు ఉన్నవాళ్ళను ముందు చూడాలని చట్టంలోనే ఉంది, అది 44,500. మీరు దానికీ కిందే ఉన్నారు. కోవిడ్ వల్ల ఆదాయం తగ్గి ఉండాలి, తగ్గింది. ఇల్లు పోయే ప్రమాదం ఉండాలి, ఆ మూడు రోజుల కాగితమే సాక్ష్యం. మిమ్మల్ని భయపెడుతున్న ఆ కాగితాన్ని భద్రంగా దాచండి, దరఖాస్తులో అదే మీకు బలం.

ఈ సాయం కింద 2020 మార్చి 13 తర్వాతి అద్దె బాకీలు 12 నెలల దాకా కడతారు, అవసరమైతే ఇంకో 3 నెలలు. అందులో రాబోయే నెలల అద్దె కూడా అడగవచ్చు. కరెంటు, గ్యాస్, నీళ్ళ బిల్లులు బాకీ ఉంటే అవి కూడా రాయండి. ఫిబ్రవరి బిల్లు ఇంకా వాయిదాల్లో కడుతున్నామని ఆ చీటీలో అన్నారు కదా, అది వదిలేయకండి.

కావలసినవి: లీజు, మీ ఇద్దరి గుర్తింపు కార్డులు, మీవారి పే స్టబ్‌లు (జీతం రసీదులు), పోయిన ఏడాది టాక్స్ రిటర్ను, ఆ నోటీసు. మీ టిఫిన్ల సంపాదనకు రసీదులేవీ ఉండవు, దానికి మీరే నెలకు ఇంత అని రాసి సంతకం పెట్టవచ్చు. చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారని ఖజానా శాఖే ఆ వీలు కల్పించింది. ఉన్నది ఉన్నట్టు రాయండి. తక్కువ చూపిస్తే ఎక్కువొస్తుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మీకు తక్కువ చూపించాల్సిన అవసరం కూడా లేదు. ఫోన్లో ఫోటోలు తీసి పెట్టేటప్పుడు కాగితం నాలుగు మూలలూ కనపడాలి. నవ్వకండి, మూల తెగిన లీజు ఫోటో వల్ల మూడు వారాలు ఆగిన దరఖాస్తు నేను చూశాను.

దరఖాస్తుకి పైసా ఖర్చు లేదు. "యాభై డాలర్లివ్వండి, మాకు లోపల మనుషులున్నారు" అనేవాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నారు. లోపల ఎవరూ లేరు.

ఇప్పుడు మీవారి మాట. సిటిజన్‌షిప్ భయం మన ఇళ్ళల్లో చాలా పెద్దది, దాన్ని కొట్టిపారేయను. మూడు నాలుగేళ్ళుగా పబ్లిక్ చార్జ్ అనే మాట మనవాళ్ళను ఎంత బెదరగొట్టిందంటే, పిల్లలకు స్కూల్లో ఉచిత భోజనం కూడా వద్దనుకున్నవాళ్ళున్నారు. ప్రభుత్వం మీద ఆధారపడి బతికేవాళ్ళకు గ్రీన్‌కార్డు ఇవ్వకూడదన్న నిబంధన అది. 2019లో దాన్ని బాగా బిగించారు. ఆ బిగింపు ఈ మార్చి 9న రద్దయింది, పాత 1999 పద్ధతే మళ్ళీ వచ్చింది. ఆ పద్ధతిలో చూసేది బతుకుతెరువు కోసం నెలనెలా తీసుకునే నగదు భృతిని, ప్రభుత్వ ఖర్చుతో ఏళ్ళ తరబడి సంస్థల్లో ఉండడాన్ని. ఇంటి సాయం ఆ లెక్కలోకి రాదు. అన్నిటికంటే ముఖ్యం, మీకు గ్రీన్‌కార్డు ఎప్పుడో వచ్చింది. సిటిజన్‌షిప్ దరఖాస్తులో ఆ పరీక్షే లేదు. వచ్చే ఏడాది మీవారిని అడిగేవి చరిత్ర ప్రశ్నలు, ఇంగ్లీషు, టాక్సులు కట్టారా, ఇక్కడే ఉన్నారా అని. ఇంకా అనుమానముంటే ఇమిగ్రేషన్ లాయరుతో అరగంట మాట్లాడమనండి. ఆ ఖర్చు తప్పుకాదు. భయంతో ఇల్లు పోగొట్టుకోవడం తప్పు.

ఈ డబ్బు మీ ఆదాయం కింద కూడా రాదు, మీరు దానిమీద టాక్స్ కట్టనక్కర్లేదు. ఓనరు మాత్రం మామూలు అద్దెలాగే తన ఆదాయంలో చూపించుకోవాలి.

అడుక్కోవడం అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాను. 2009లో మావారి ఉద్యోగం పోయింది. నేను మూడు చీటీలు పాడి, ఇద్దరు స్నేహితుల దగ్గర చేబదులు తీసుకుని, ఎనిమిది నెలలు అద్దె ఒక్క రోజు ఆలస్యం కాకుండా కట్టాను. ఎవరికీ తెలియనివ్వలేదు, అదే గొప్పనుకున్నాను. ఆ చీటీలు తీరేసరికి నాలుగేళ్ళు పట్టింది, ఒక స్నేహితురాలు ఇప్పటికీ మాట్లాడదు. ప్రభుత్వాన్ని అడగడం నామోషీ అనుకున్నదాన్ని మనుషుల్ని అడగడానికి మాత్రం వెనకాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే జాలి.

మీవారితో ఇంకో మాట చెప్పండి. చెక్కు ఆయన చేతికి రాదు, ఓనరుకే వెళ్తుంది. అలా చూస్తే ఈ పథకం సగం ఓనర్ల కోసమే పెట్టింది. పోయిన ఏడాది ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం మార్చి, ఏప్రిల్, మే అద్దెలు అడగొద్దని, తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోమని ఇంటివాళ్ళకు చెప్పింది గుర్తుందా? మంచి మాటే. అయితే రెండు గదులు అద్దెకిచ్చి ఆ డబ్బుతో మందులు కొనుక్కునే పెద్దావిడకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఢిల్లీలో పేదవాళ్ళు కట్టలేకపోతే అద్దె ప్రభుత్వమే కడుతుందని 2020 మార్చి 29న ముఖ్యమంత్రి కేజ్రీవాల్ ప్రెస్‌మీట్‌లో అన్నారు. డబ్బు రాలేదు. జనం కోర్టుకెళ్ళారు. ఈ జూలై 22న హైకోర్టు, ముఖ్యమంత్రి ఇచ్చిన మాటకు విలువ ఉండాలి, ఆరు వారాల్లో నిర్ణయం తీసుకోండి అంది. అక్కడ మాట కోసం కోర్టుకి వెళ్తున్నారు. ఇక్కడ చట్టం చేసి, డబ్బు పెట్టి, ఫారం తెరిచారు. మీవారు హోటల్లో నిలబడి చేసిన ప్రతి గంట జీతంలోంచీ టాక్స్ కట్ అయింది కదా, ఇందులో ఆయనదీ ఒక చిల్లర వాటా ఉంది.

మీవారి తర్వాత మాట్లాడాల్సింది ఓనరుతో. ఇది మీరు తప్పించుకుంటున్న పని, అందుకే దీనిమీద ఎక్కువ రాస్తున్నాను. అన్నయ్యా అన్న మనిషి మొహం చూడకుండా వెళ్ళాడంటే కోపంతో వెళ్ళాడనే అనుకోకండి. ఐదు నెలలుగా మీరు ఫోన్ ఎత్తడం లేదు. ఆయన వైపు నుంచి ఆలోచించండి. ఆ ఇంటి మీద లోను వాయిదా నెలనెలా వెళ్తుంది. టెక్సాస్‌లో ఇంటి పన్ను ఎంతో మీకు తెలుసు, అక్టోబరులో బిల్లులొస్తాయి, జనవరి 31లోపు కట్టాలి. మిమ్మల్ని ఖాళీ చేయిస్తే ఆయనకొచ్చేది ఖాళీ ఇల్లు, కోర్టు ఖర్చు, వసూలవుతుందో లేదో తెలియని 9,000. దరఖాస్తులో కలిస్తే వచ్చేది ఆ 9,000. ఈ లెక్క ఆయనకు చెప్పినవాళ్ళు లేరేమో.

ఫోన్ ఎత్తాలంటే మొహం చెల్లకపోతే మెసేజ్ పెట్టమనండి. మెసేజే మంచిది కూడా, తేదీతో రికార్డుంటుంది. ఇలా రాస్తే చాలు: "తమ్ముడూ, ఇన్నాళ్ళు ఫోన్ ఎత్తనందుకు క్షమించు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నీకు 9,000 ఇవ్వాలి, కాదనడం లేదు. టెక్సాస్ రెంట్ రిలీఫ్‌కి దరఖాస్తు పెడుతున్నాను, డబ్బు నేరుగా నీకే వస్తుంది. నీ వైపు నుంచి డబ్ల్యూ-9 అనే టాక్స్ ఫారం, అద్దె లెక్క కావాలి. కొన్ని వారాలు కేసు వేయకుండా ఆగగలవా? ఈ నెల 400 ఇప్పుడు పంపుతున్నాను." నాలుగొందలు నేను ఊరికే రాయలేదు. మీ టిఫిన్ల డబ్బులోంచి ఎంత వీలైతే అంత, వంద అయినా సరే, ఆ మెసేజ్‌తో పాటు వెళ్ళాలి. మాటతో పాటు కాస్త డబ్బు కనపడితే మనిషి మెత్తబడతాడు. నగదు వద్దు. ఫోన్లో డబ్బు పంపే జెల్ గానీ చెక్కు గానీ వాడి, ఏ నెల అద్దెకో రాయండి. దరఖాస్తులో బాకీ 8,600 అని సరిచేయడం మరిచిపోకండి.

ఆయన ఒప్పుకుంటే పని సగం అయినట్టే. ఇద్దరి కాగితాలూ కలిస్తే దరఖాస్తు త్వరగా కదులుతుంది. ఆయన మొండికేస్తే? అప్పుడూ దారుంది. ఆఫీసు వాళ్ళే ఆయనకు ఉత్తరం, ఫోన్, ఈమెయిల్ ద్వారా కబురు పెడతారు. కొద్ది రోజులు చూసి జవాబు రాకపోతే డబ్బు మీకే ఇచ్చి, అద్దె కట్టమనే వీలు చట్టంలో ఉంది. ఈలోగా ఆయన కేసు వేసేశారనుకోండి, కేసు నంబరు వెంటనే దరఖాస్తులో చేర్చండి. అలాంటివాటిని ముందు చూడడానికి కొంత డబ్బు విడిగా పెట్టారు. కోర్టులో జడ్జి అడిగేదాకా ఆగకుండా, "మేము రెంట్ రిలీఫ్‌కి పెట్టాం, ఇదిగో నంబరు, ఎవిక్షన్ డైవర్షన్‌కి ఒప్పుకుంటున్నాం" అనండి. ఓనరు కూడా సరేనంటే కేసు 60 రోజులు ఆపుతారు, రికార్డు బయటికి కనపడకుండా మూస్తారు. డబ్బు అందాక కొట్టేస్తారు. ఆ రికార్డు మూయడం చిన్న విషయం కాదు. ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చే ప్రతివాళ్ళూ మీ పేరు మీద ఖాళీ చేయించే కేసు ఎప్పుడైనా పడిందా అని చూస్తారు. మీరు గెలిచారా ఓడారా అని చదివే ఓపిక వాళ్ళకుండదు. ఆయన కోర్టు మెట్లెక్కకముందే మెసేజ్ వెళ్ళాలని నేను తొందరపెట్టేది అందుకే.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. జూన్ 26తో టెక్సాస్ వారానికి 300 డాలర్ల అదనపు నిరుద్యోగ భృతిని ఆపేసింది, మీవారి సగం షిఫ్టులకు తోడుగా వచ్చేది కూడా పోయింది. నెలకు రెండున్నర వేలు వచ్చే ఇంట్లో 1,750 అద్దె నిలబడదు. ఈ సాయం పాత గుంత పూడుస్తుంది, ఇంకో రెండు మూడు నెలలు ఊపిరినిస్తుంది. ఆ నెలల్లో షిఫ్టులు పెరగకపోతే మీవారు వేరే హోటలో వేర్‌హౌసో చూసుకోవాలి, లేదా లీజు ముగిసే రోజుకి చిన్న అపార్ట్‌మెంట్‌కి మారాలి. మారడం తప్పుకాదు, రికార్డు శుభ్రంగా ఉంచుకుని, పగటిపూట, తాళాలు చేతికిచ్చి మారాలి. మీ టిఫిన్ల సంగతి ఇంకో ఉత్తరంలో రాయండి, ఇంట్లో వండి అమ్మడానికి టెక్సాస్‌లో ఒక చట్టముంది, మాట్లాడుకుందాం.

రేపు పొద్దున్నే 211కి ఫోన్ చేయండి. మీవారికి షిఫ్టుంటే మీరే చేయండి, లీజులో మీ సంతకం కూడా ఉంది కదా, దరఖాస్తు మీ పేరునా పెట్టవచ్చు. పెట్టగానే వచ్చే నంబరును కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. డబ్బు అయిపోగానే ఈ కిటికీ మూసేస్తారు, దసరా వెళ్ళాక చూద్దామనుకోవద్దు. కోర్టు నుంచి కాగితం వస్తే ఆ రోజే ఫోటో తీసి నాకు పంపండి. తేదీ, కేసు నంబరు ఉన్న పై భాగం కనపడేలా తీయండి.